ఓ కరెంటు బండీ, రేపు రా!

ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద రాసేవారు, 'ఓ స్త్రీ రేపు రా' అని. రాత్రికి దెయ్యం వస్తుంది. చదువుతుంది. బుద్ధిగా వెనక్కి పోతుంది. మర్నాడూ అదే రాత, అదే తిరుగుటపా. ఆ దెయ్యానికి చదువొచ్చు గానీ తెలివి లేదు. మన విద్యుత్ వాహన విధానం రాసిన పెద్దలు మనల్నీ ఆ జాబితాలోనే వేశారు.

నమ్మరా? తారీఖులు చూడండి. 2021 నవంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు సెలవిచ్చారు, రెండేళ్లలో ఎలక్ట్రిక్ బండి ధర పెట్రోలు బండితో సమానమవుతుందని. 2022 జూన్‌లో ఏడాది చాలన్నారు. 2025 అక్టోబరులో నాలుగు నుంచి ఆరు నెలలన్నారు. గడువు తగ్గుతోంది కదా, అదే పురోగతి! ఈ లెక్కన వచ్చే సభలో 'మీరు టీ తాగి వచ్చేలోపు' అంటారు. మనం చప్పట్లు కొడతాం. టీ మాత్రం చల్లారిపోతుంది.

అసలు కథ ఇంకా వెనక ఉంది. 2017 ఏప్రిల్‌లో అప్పటి విద్యుత్ మంత్రి పీయూష్ గోయల్ గారు ఘనంగా ప్రకటించారు. 2030 నాటికి దేశంలో ఒక్క పెట్రోలు కారూ, ఒక్క డీజిలు కారూ అమ్మడానికి వీల్లేదట. అదే ఏడాది సెప్టెంబరులో గడ్కరీ గారు వాహన కంపెనీల సభకే వెళ్లి, మీకు ఇష్టమున్నా లేకున్నా బుల్డోజరు నడిపి మరీ చేస్తానన్నారు. కంపెనీలు హడలిపోయాయి. ఎన్నాళ్లు? ఐదు నెలలు. 2018 ఫిబ్రవరిలో ఆ నోటితోనే, అసలు ఎలక్ట్రిక్ వాహనాలకు ప్రత్యేక విధానమే అక్కర్లేదనేశారు. బుల్డోజరులో డీజిలు అయిపోయిందేమో పాపం.

2019లో నీతి ఆయోగ్ వంతు. 2023 నాటికి ఆటోలన్నీ, 2025 నాటికి 150 సీసీ లోపు టూవీలర్లన్నీ కరెంటువే కావాలని ప్రతిపాదన. 2023 వెళ్లిపోయింది. 2025 కూడా వెళ్లిపోయింది. మీ వీధి చివర ఆటో స్టాండు దాకా ఒకసారి వెళ్లి ముక్కుతో పరిశీలించండి. ఆ ప్రతిపాదన ఎప్పుడు చచ్చిందో, ఎవరు దహనం చేశారో ఎవరికీ తెలియదు. దినం భోజనాలు కూడా పెట్టలేదు. వంద శాతం కాస్తా ముప్పై శాతమైంది. 2024 నాటికి ఆ ముప్పై వైపు మనం ఎంత దూరం వచ్చామో ఆ నీతి ఆయోగే 2025 ఆగస్టులో లెక్క తేల్చింది. 7.6 శాతం. మధ్యలో గడ్కరీ గారు హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వచ్చి ఫొటో దిగారు. ఇథనాల్ గురించి ఉపన్యాసాలిచ్చారు. కంపెనీవాడు దేని మీద పెట్టుబడి పెట్టాలి? కరెంటు మీదా? చెరకు రసం మీదా? మంత్రిగారి మూడ్ మీదా?

ఇక సబ్సిడీ. ఇదొక పసందైన ఘట్టం.

ఫేమ్ పథకం రెండో విడత 2019 ఏప్రిల్‌లో 10 వేల కోట్లతో మొదలైంది. టూవీలర్లకు బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు 10 వేలు. చాల్లేదని 2021 జూన్‌లో 15 వేలు చేశారు. అంటే మూడు కిలోవాట్ అవర్ల స్కూటరుకు 45 వేలు. జనం కదిలారు. 2023 మేలో దేశంలో ఎలక్ట్రిక్ టూవీలర్ల రిజిస్ట్రేషన్లు లక్ష దాటాయి. హమ్మయ్య, గాడిన పడింది అనుకున్నారందరూ. సరిగ్గా ఆ మే 19న నోటిఫికేషన్ దిగింది. జూన్ 1 నుంచి మళ్లీ 10 వేలే. పైగా బండి ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితి 15 శాతానికి కోత. వ్యవధి పన్నెండు రోజులు. ఫలితం? జూన్‌లో అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయి. బండి అదే. రోడ్డు అదే. జనమూ అదే. మారింది ఢిల్లీలో ఒక కాగితం.

2024 ఏప్రిల్‌లో ఫేమ్ పేరు మాయం. కొత్త పేరు ఈఎంపీఎస్. ఆయుష్షు నాలుగు నెలలు! ఒక మోడల్ గీసి, పరీక్షించి, మార్కెట్లోకి తేవాలంటే కంపెనీకి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం నాలుగు నెలల పథకం చేతిలో పెట్టి ఫ్యాక్టరీ కట్టమంటుంది. తర్వాత ఇంకో రెండు నెలలు పొడిగించారు, మహాప్రసాదం. అక్టోబరులో మూడో నామకరణం, పీఎం ఈ-డ్రైవ్. పేరు పెరిగింది, పైసలు తగ్గాయి. స్కూటరుకు గరిష్ఠంగా 10 వేలు. 2025 ఏప్రిల్ నుంచి 5 వేలు. 45 వేల దగ్గర బయల్దేరిన సబ్సిడీ 5 వేల దగ్గర దిగింది. దానికీ 2026 మార్చి 31 అని గడువు పెట్టారు.

సబ్సిడీ కలకాలం ఇవ్వమని ఎవరూ ఏడవడం లేదు. తగ్గించండి. తీసేయండి. కానీ ఏ ఏడాది ఎంత తగ్గిస్తారో ముందే చెప్పి ఏడవండి. కంపెనీ లెక్కేసుకుంటుంది. కొనేవాడూ లెక్కేసుకుంటాడు. ఇంత చిన్న మర్యాదకు బడ్జెట్ కేటాయింపు కూడా అక్కర్లేదే!

గడువు దగ్గరపడ్డ నెలాఖరున ఏదైనా షోరూంలోకి తొంగి చూడండి. అద్దం మీద ఎర్రటి అక్షరాలు, 'సబ్సిడీ రేపటితో ఆఖరు'. సేల్స్ కుర్రాడు బ్యాటరీ గురించి చెప్పడు. సర్వీసు సెంటరు ఎక్కడుందో అసలే చెప్పడు. "సార్, ఆధార్ ఇవ్వండి సార్, ఇవాళైతే పోర్టల్లో ఎక్కించేస్తా, రేపైతే నా చేతుల్లో లేదు" అంటాడు. ఫోన్లో ముఖం ఫొటో తీస్తాడు. సర్వర్ తిరుగుతూనే ఉంటుంది. వెనక క్యూలో ఇంకో నలుగురు. వాడు అమ్ముతున్నది బండినా, గడువునా?

కంపెనీలేం తక్కువ తిన్నాయా? లక్షన్నర దాటిన స్కూటరుకు సబ్సిడీ లేదంది ప్రభుత్వం. చిత్తం అన్నాయి కంపెనీలు. బిల్లును రెండు ముక్కలు చేశాయి. ఒక కాగితం మీద స్కూటరు. ఇంకో కాగితం మీద ఛార్జరు, సాఫ్ట్‌వేరు. ఛార్జరు 'అదనపు సామగ్రి' అట! ఛార్జరు లేకుండా కొన్నవాడు ఆ బండిని ఏం చేసుకోవాలి? నట్టింట్లో నిలబెట్టి హారతివ్వాలా? 2023లో గుట్టు బయటపడింది. ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో విడా నాలుగూ కొన్నవాళ్లకు ఛార్జరు డబ్బులు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మరోపక్క దేశీయ భాగాలే వాడుతున్నామని చెప్పి విదేశాల నుంచి దించుకున్నారంటూ హీరో ఎలక్ట్రిక్, ఒకినావా సహా ఏడు కంపెనీల నుంచి 469 కోట్లు కక్కించడానికి కేంద్రం నోటీసులిచ్చింది. బాగానే ఉంది. మరి ఆ బళ్లు దేశీయమేనని ధ్రువపత్రం చేతిలో పెట్టిందెవరు? తెరిచి చూడకుండానే ముద్ర గుద్దారా?

నవ్వులు ఇక్కడ కాసేపు ఆపుదాం.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. అదే వారంలో విజయవాడలో అప్పుడే కొన్న బండి బ్యాటరీ పేలి ఇంటి యజమాని పోయారు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. మంటలు కింద మొదలయ్యాయి. పైన నిద్రకు చేరినవాళ్లలో ఎనిమిది మంది పొగలో పోయారు. బ్యాటరీ భద్రత నిబంధనలను కట్టుదిట్టం చేసి అమల్లో పెట్టింది ఎప్పుడు? 2022 డిసెంబరులో. బ్యాటరీని కొలిచి సబ్సిడీ పంచడం 2019లోనే వచ్చింది ఈ సర్కారుకు. ఆ బ్యాటరీ పేలుతుందో లేదో గట్టిగా చూడటం రావడానికి శవాలు లేవాల్సి వచ్చింది. ఆ షోరూంకు అనుమతిచ్చిన మహానుభావుల సంగతి సరేసరి. వాళ్లకు ఏ కాలంలోనూ షాకు కొట్టదు.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. దేశంలోనే బ్యాటరీ సెల్స్ చేయాలని 2021లో 18,100 కోట్లతో ప్రోత్సాహక పథకం పెట్టారు. 2022 మార్చిలో విజేతల పేర్లు చదివారు. రిలయన్స్, ఓలా, రాజేష్ ఎక్స్‌పోర్ట్స్, హ్యుందాయ్. రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ ఏం చేస్తుంది? బంగారం వ్యాపారం. బ్యాటరీకి బంగారు భవిష్యత్తు ఉందన్న మాటను అధికారులు అక్షరాలా నమ్మేసినట్టున్నారు. ఇక హ్యుందాయ్. అబ్బో, కొరియా దిగ్గజం వచ్చిందని అందరూ మురిసిపోతుంటే, కార్ల హ్యుందాయ్ వచ్చి, బాబూ ఆ హ్యుందాయ్ మేం కాదు అంది. ఆ విజేత హ్యుందాయ్ గ్లోబల్ మోటార్స్ అనే వేరే శాల్తీ. యాభై గిగావాట్ అవర్లలో ఇరవై దాని చేతిలో పెట్టారు! జులైలో సంతకాలనాటికి మిగిలింది ముగ్గురే.

మరి తిరుపతి పక్కన కరకంబాడిలో దశాబ్దాలుగా బ్యాటరీలే చేస్తున్న అమరరాజా? వెయిటింగ్ లిస్టు. ఎక్సైడ్? వెయిటింగ్ లిస్టు. బ్యాటరీ చేయడం తెలియడమే అనర్హత అయినట్టుంది. సొంత రాష్ట్రంలో అమరరాజా వైభోగం ఇంకా గొప్పది. 2021లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులిస్తే కంపెనీ హైకోర్టుకు పరుగెత్తింది. తర్వాత 9,500 కోట్ల బ్యాటరీ ప్రాజెక్టును మూటగట్టుకుని మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లికి వెళ్లింది. అటు రిలయన్స్ గడువు దాటినందుకు 2025లో జరిమానా వేశారు. ఎంతనుకున్నారు? రోజుకు 5 లక్షలు. రిలయన్స్‌కు! అంబానీ గారింటి పెళ్లిలో పువ్వుల ఖర్చు కూడా కాదది.

సరే, ఇంటివాణ్ని వెయిటింగ్ లిస్టులో కూర్చోబెట్టి ఎవరి కోసం గుమ్మం వైపు చూశాం? టెస్లా దొరవారి కోసం. 2022 సంక్రాంతి వేళ ఇండియా ప్రభుత్వంతో ఇంకా చిక్కులున్నాయని ఎలాన్ మస్క్ ట్వీటితే, తెలంగాణకు దయచేయండి అని అక్కడి అప్పటి మంత్రి కేటీఆర్ ట్వీటు. 2024 అక్టోబరులో ఆంధ్ర మంత్రి లోకేశ్ అమెరికా దాకా వెళ్లి టెస్లా అధికారులను కలిశారు. పార్టీలు వేరు, ప్రాంతాలు వేరు, వంగిన నడుము కోణం ఒకటే. కేంద్రం 2024 మార్చిలో ఆయనకు కొలతలు తీసి కుట్టించినట్టున్న పథకం తెచ్చింది. 4,150 కోట్లు పెట్టుబడి పెడతామని మాటివ్వండి, ఏడాదికి ఎనిమిది వేల కార్లు 15 శాతం సుంకంతో దింపుకోండి. ఏప్రిల్‌లో మస్క్ ప్రధానిని కలవడానికి వస్తానన్నారు. రాలేదు. పని ఒత్తిడి అన్నారు. వారం గడిచేసరికి చైనాలో దిగారు. మన పథకం మార్గదర్శకాలు రావడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది, 2025 జూన్ 2 దాకా. ఆ రోజే భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామి గారు అసలు కబురు చెప్పారు. టెస్లాకు ఇక్కడ కార్లు తయారు చేసే ఉద్దేశం లేదట, షోరూములు మాత్రమే పెడుతుందట. పెళ్లిపందిరి వేసిన రోజే పెళ్లికొడుకు రాడని మైకులో చెప్పారు.

జులైలో ముంబయిలో షోరూం తెరిచారు. అమెరికాలో సుమారు 45 వేల డాలర్ల కారు, అంటే 40 లక్షల లోపు, ఇక్కడ 59.89 లక్షలు. ఎందుకంటే సుంకం. ఆ సుంకంలోనూ ఒక గారడీ చూడండి. 40 వేల డాలర్లు దాటిన కార్లకు 2025 బడ్జెట్లో కస్టమ్స్ సుంకం 70 శాతానికి దించామని ప్రకటించారు. భేష్! దాని పక్కనే చిన్న అక్షరాల్లో వ్యవసాయ, మౌలిక వసతుల సెస్సు 40 శాతం. డెబ్భయ్యీ నలభయ్యీ కలిపితే? నూటపది. అంతకుముందు సెస్సులతో కలిపి ఎంత? నూటపది. ఒక్క పైసా తగ్గకుండా తగ్గించారు. ట్రంప్‌కు చూపించడానికి ఒక అంకె, వసూలు చేసుకోవడానికి ఇంకో అంకె. పైగా లగ్జరీ కారు మీద వ్యవసాయ సెస్సు! రైతు ఎప్పుడు చూశాడో ఆ సొమ్ము, చూస్తే చెప్పండి.

ఇంతకీ ముంబయిలో దిగిన ఆ టెస్లా ఎక్కడ తయారైంది? షాంఘైలో. మరి 2023లో హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి చైనా కంపెనీ బీవైడీ ఇక్కడే వంద కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెడతానంటే ఏమన్నారు? దేశ భద్రత, కుదరదు అన్నారని వార్తలు. 2025 ఏప్రిల్‌లో గోయల్ గారు మళ్లీ స్పష్టం చేశారు, బీవైడీకి ప్రస్తుతానికి నో. జాగ్రత్త మంచిదే, సరిహద్దులో మన జవాన్లు ప్రాణాలిచ్చారు. కానీ లాజిక్ చూడండి. చైనావాడు డబ్బు తెచ్చి ఇక్కడ ఫ్యాక్టరీ కట్టి మన పిల్లలకు ఉద్యోగమిస్తే దేశానికి ముప్పు. చైనాలో చేసిన కారుకు అమెరికా బ్యాడ్జి తగిలించి ఓడలో పంపిస్తే రిబ్బన్ కటింగు. బీవైడీ కార్లు కూడా సుంకం కట్టి వస్తూనే ఉన్నాయి. భద్రతకు 70 శాతం సుంకం కడితే సరిపోతుందని శత్రువుకు ముందే చెప్పాల్సింది.

2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు. అక్కడి పెట్రోలు, డీజిలు కార్లకు కోటా ప్రకారం సుంకం మెట్లు మెట్లుగా దిగుతుంది. ఎలక్ట్రిక్ కార్లకు? మొదటి ఐదేళ్లు రాయితీ సున్నా. టాటా, మహీంద్రాలను కాపాడుకోవాలి, అర్థమైంది. కానీ పర్యావరణ సదస్సుల్లో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం పొగ గొట్టానికి తలుపు తీసి, ప్లగ్గుకు గొళ్లెం పెట్టింది. అగ్రరాజ్యం మాత్రం ఏమైనా మెరుగా? 2025 మార్చిలో వైట్‌హౌస్ పచ్చికలో టెస్లాల ప్రదర్శన పెట్టిన ట్రంప్ గారే, సెప్టెంబరు 30తో ఎలక్ట్రిక్ కార్లకున్న 7,500 డాలర్ల పన్ను రాయితీకి మంగళం పాడారు. డాలస్‌లో, బే ఏరియాలో మనవాళ్లు గడువులోపు డీలర్ల దగ్గర క్యూ కట్టారు. ఆ తర్వాత అమ్మకాలు ఢామ్మన్నాయి. జనరల్ మోటార్స్ ఎలక్ట్రిక్ ప్రణాళికలు కుదించుకుని 160 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. గడువు వ్యాపారంలో మాత్రం మనం నిజంగానే విశ్వగురువులం.

అయస్కాంతాల భాగోతం విన్నారా? మోటారులో అరుదైన ఖనిజాల అయస్కాంతాలుంటాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులు బిగించింది. ఆగస్టులో చేతక్ కరెంటు స్కూటర్ల ఉత్పత్తి సున్నాకు పడొచ్చని బజాజ్ బాహాటంగానే చెప్పింది. ఆ ఖనిజాలకు మూలమైన మోనజైట్ నిల్వలు దేశంలోకెల్లా ఎక్కువ ఎక్కడున్నాయి? ఆంధ్ర తీరంలో, మన కాళ్ల కింద ఇసుకలో. విశాఖ దగ్గర జపాన్ కంపెనీ అరుదైన ఖనిజాలను శుద్ధి చేసి ఏళ్ల తరబడి జపాన్‌కు పంపింది. చైనా బిగించాక గానీ ఆ ఎగుమతులు ఆపాలన్న ఆలోచన ఢిల్లీకి తట్టలేదు. 2025 నవంబరులో 7,280 కోట్ల పథకం ఆమోదించారు. ఇసుక మనది, అయస్కాంతం చైనాది, సంతాప తీర్మానం కేంద్రానిది.

రాష్ట్రాల నీతులు కూడా వినాలి. పెట్రోలు మానండి, భూమిని కాపాడండి అని హోర్డింగులు పెడతాయి. అదే పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రాలో 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. మనం నిజంగానే పెట్రోలు మానేస్తే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? ఏ ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగంలోనైనా ఈ ప్రశ్నకు సమాధానం విన్నారా? కేంద్రం ఎలక్ట్రిక్ బండి మీద జీఎస్టీ 5 శాతమే అని గొప్ప చెబుతుంది. ఆ బండిని పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లో ఛార్జి చేస్తే 18 శాతం. కొనడం పుణ్యం, నడపడం పాపం.

తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం ఎత్తేసింది, 2026 డిసెంబరు 31 దాకా. ఎంత విశాల హృదయమంటే, ధర మీద పరిమితే లేదు. ఖరీదైన పెట్రోలు కారుకు ఇక్కడ జీవితకాల పన్ను 18 శాతానికి తగ్గదు. అంటే జూబ్లీహిల్స్‌లో కోటిన్నర పెట్టి జర్మన్ కరెంటు కారు కొన్న ఆసామికి ప్రజల ఖాతాలో కనీసం 27 లక్షల మాఫీ. ఆ మాఫీ సొమ్ముతో పాతిక దాకా ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తాయి.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో తెల్లరేషన్ కార్డున్న డెలివరీ కుర్రాడి లెక్క చూద్దాం. స్కూటరు మీద వాడికి మిగిలిన పన్ను వేలల్లోనే. బండిని రోజూ ఇంట్లో ఛార్జి చేస్తే నెలకు వంద యూనిట్ల దాకా. ఫ్యాను, టీవీ, ఫ్రిజ్జు కలిపి ఇంకో నూట ఇరవై. తెలంగాణ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మీటరు 201 చూపించిందా, ఆ నెల బిల్లు మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. భూమాతను కాపాడినందుకు వాడికి పడ్డ జరిమానా అది. రిలయన్స్‌కు వేసినదానిలా కాదు, దీన్ని మాత్రం గడువు తేదీలోపు వసూలు చేస్తారు. కట్టకపోతే లైన్‌మన్ నిచ్చెన వేసుకుని వస్తాడు.